తప్పిపోయిన ఒక్క గింజ: ఒక ఇరవై అంకెల సంఖ్య కేస్ స్టడీ

ఈ కేసు ఒక కాగితం రూపంలో వచ్చింది. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో సాయంత్రం పూట లెక్కలు చెబుతాను. పిల్లలంతా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు బడిలో సైన్స్ ప్రదర్శనకు చదరంగం గింజల కథను ఎంచుకుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గడులూ నింపితే ఎన్ని గింజలు? వాళ్ల నాన్న బియ్యం మిల్లులో గుమస్తా. స్ప్రెడ్‌షీట్‌లో అరవై నాలుగు వరసలు వేసి, కింద మొత్తం కట్టి, ప్రింటు తీసి ఇచ్చారు. మొత్తం ఎదురుగా ఉన్న సంఖ్య ఇది:

18446744073709600000

ఆ సంఖ్య గురించి చెప్పగలిగినన్ని విషయాలు అట్ట మీద రాయాలని ఆమె కోరిక. సరేనన్నాను. కాగితం చూశాను కూడా. అందులో నాకు తప్పేమీ కనిపించలేదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

కాగితం మీద సున్నాలు

తప్పు పట్టుకున్నది అక్కను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్న ఏడో తరగతి తమ్ముడు. "అక్కా, మొదటి గడిలో ఒక్క గింజే కదా. మిగతావన్నీ సరి సంఖ్యలే. అన్నీ కలిపితే బేసి సంఖ్య రావాలి. సున్నాతో ఎలా ముగిసింది?" అన్నాడు.

ఒక్క గుణకారం చేయకుండా, ఇరవై అంకెల్లో చివరిది తప్ప ఇంకేదీ చదవకుండా, వాడు ఆ మొత్తాన్ని కొట్టిపారేశాడు. సంఖ్య ఎలా పుట్టిందో వాడికి తెలుసు, అంతే. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్న నేను సున్నాలను చూసి, పెద్ద సంఖ్యలు ఇలాగే ఉంటాయిలే అనుకుని ఊరుకున్నాను.

ముగ్గురం కలిసి ప్రింటును పైనుంచి చూసుకుంటూ వచ్చాం. 2 యొక్క ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతూనే ఉంటాయి. యాభయ్యో గడి దాకా ఆ వరస తప్పలేదు. యాభయ్యో గడిలో 562949953421312, సరిగ్గా పదిహేను అంకెలు. యాభై ఒకటో గడిలో ఉండవలసింది 1125899906842624. కాగితం మీద ఉన్నది 1125899906842620. చివరి 4 పోయి సున్నా వచ్చింది. ఆ కింద ప్రతి గడీ సున్నాతోనే ముగిసింది.

స్ప్రెడ్‌షీట్ పదిహేను అంకెలకు మించి చూపించదు, మిగతా స్థానాలను సున్నాలతో నింపుతుంది. కంప్యూటర్ లోపలి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అది ఒక సంఖ్యకు యాభై మూడు ద్విసంఖ్యా స్థానాలే (0, 1 మాత్రమే ఉండేవి) కేటాయిస్తుంది. మన మొత్తాన్ని ద్విసంఖ్యలలో రాస్తే అరవై నాలుగు ఒకట్లు వరసగా వస్తాయి. అవి అందులో పట్టవు. దానికి అతి దగ్గరగా కంప్యూటర్ దాచుకోగలిగిన సంఖ్య 2 యొక్క 64వ ఘాతం (ఒకటి తర్వాత అన్నీ సున్నాలే కాబట్టి అది పడుతుంది), అంటే అసలు మొత్తం కంటే ఒకటి ఎక్కువ. మొదటి గడిలో ఉన్న ఆ ఒక్క గింజ విలువే మనకూ కంప్యూటర్‌కూ మధ్య తేడా.

అసలు సంఖ్యను చేత్తోనే తేల్చాం. 16 వర్గం 256, దాని వర్గం 65536, దాని వర్గం 4294967296. ఇంకొక్క వర్గం చేస్తే 2 యొక్క 64వ ఘాతం. చివరి మెట్టులో 42949, 67296 అని అయిదేసి అంకెలుగా విడగొట్టి, (a+b)² సూత్రంలో పెట్టి, మూడు ముక్కలు కలిపారు. ఆ అమ్మాయి రెండు సార్లు చేసింది, రెండు సార్లూ ఒకటే వచ్చింది. ఒకటి తీసేస్తే:

1,84,46,74,40,73,70,95,51,615

చదవాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, పైన ఇంకా పద్నాలుగు అంకెలు. అల్ బిరూని అనే మధ్య ఆసియా పండితుడు వెయ్యేళ్ల కిందట ఈ ఇరవై అంకెలనూ సరిగ్గా రాసిపెట్టాడని చెబితే, "ఆయన దగ్గర స్ప్రెడ్‌షీట్ లేదు కాబట్టి" అన్నాడు తమ్ముడు.

కిలో తరుగు

మర్నాడు వాళ్ల నాన్న వచ్చారు. కాగితంలో తప్పుందని పిల్లలు ఇంట్లో చెప్పేసరికి కొంచెం చిన్నబుచ్చుకున్నట్టున్నారు. "ఎంత తేడా మాస్టారూ?" అని అడిగారు.

ప్రింటులో ఉన్న దానికీ అసలుకూ తేడా 48,385 గింజలు. ఆయన మిల్లు మనిషి కదా, వెంటనే తూకంలోకి దిగారు. సన్న బియ్యం వెయ్యి గింజలు ఇరవై గ్రాములని పెట్టుకుంటే మొత్తం రాశి దాదాపు 36,893 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఏడు వందల ఏళ్ల పంట. తేడా పోయిన 48,385 గింజలు 968 గ్రాములు. "కిలో కూడా లేదు. ఒక్క బస్తా దించి ఎత్తేలోపే మా మిల్లులో ఇంతకంటే ఎక్కువ తరుగు పోతుంది" అన్నారు.

ఆయన మాటలో తప్పు లేదు. తూకం వేసేవాడికి ఆ కాగితం చాలు. ఎంత అనే ప్రశ్నకు అది మంచి జవాబే. కానీ ఆ అమ్మాయి రాయాలనుకున్నది సంఖ్య గుణాలు. ఏది దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది, ఎన్ని భాజకాలున్నాయి, ప్రధాన సంఖ్యా కాదా. అక్కడ తరుగు చెల్లదు. కిలో మాట అటుంచండి, ఒక్క గింజకే సంఖ్య స్వభావం తలకిందులవుతుంది. కంప్యూటర్ దాచుకున్న 2 యొక్క 64వ ఘాతానికి అరవై అయిదు భాజకాలు. ఒకటి తప్ప అన్నీ సరి సంఖ్యలే, అన్నింటికీ మూలం 2 ఒక్కటే. దానికి ఒక గింజ తక్కువైన మన సంఖ్యకు ఒక్క సరి భాజకం కూడా లేదు. పక్కపక్కనే ఉన్న ఈ రెండు సంఖ్యలకూ ఒకటి తప్ప ఉమ్మడి భాజకమే లేదు.

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మా రికార్డుల్లో చలాను నంబర్లు కూడా ఇలాగే పాడవుతాయా?" అని అడిగారు. పదిహేను అంకెలు దాటితే పాడవుతాయి. పొడవైన నంబర్లను సంఖ్యగా కాక అక్షరాలుగా టైపు చేసుకోమని చెప్పాను. ఈ కేసులో తక్షణం లాభపడింది ఆయనే.

వరసల వారీగా

ఇరవై అంకెల సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టమంటే పిల్లలు మొదట 3తో, తర్వాత 7తో, 11తో భాగించడం మొదలుపెడతారు. అంకెల మొత్తం 87 కాబట్టి 3 పోతుంది, 9 పోదు. చివర 5 ఉంది కాబట్టి 5 పోతుంది. ఆ తర్వాత చీకట్లో తడుములాటే. అందుకని సంఖ్యను పక్కన పెట్టి చదరంగం బల్లనే చూడమన్నాను.

పై వరసలో ఎనిమిది గడులు, మొత్తం 255 గింజలు. రెండో వరసలో ప్రతి గడీ పైన ఉన్న గడికి 256 రెట్లు. మూడో వరస రెండో దానికి 256 రెట్లు. కాబట్టి ప్రతి వరసా 255 గుణిజమే, మొత్తమూ 255 గుణిజమే. 255 అంటే 3 × 5 × 17. భాగహారం లేకుండానే మూడు కారణాంకాలు చేతికొచ్చాయి. మొదటి రెండు వరసలు కలిస్తే 255 × 257. నాలుగు వరసలు, అంటే సగం బల్ల, 65535 × 65537. రెండో సగం మొదటి సగానికి 2 యొక్క 32వ ఘాతం రెట్లు కాబట్టి మొత్తం బల్ల:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇక్కడ ఒక భాషా చిక్కు వచ్చింది. సరిహద్దు ఊళ్లలో పాఠాలు చెప్పేవాళ్లకు ఇది అలవాటే. ఒడియా బడిలో కారణాంకాన్ని గుణనీయక అంటారు, తెలుగులో గుణిజమంటే దానికి సరిగ్గా వ్యతిరేకం. వాళ్ల గ.సా.గు. మన గ.సా.భా. మన క.సా.గు. ఇంకొకటి. "మొత్తం 255కు గుణిజం" అని నేనంటే ఇద్దరు పిల్లలు మొత్తాన్ని 255 లోపల వెతికారు. అప్పటినుంచి ఈ రెండు మాటలూ వాడటం మానేసి, ఏది దేన్ని భాగిస్తుందో పూర్తి వాక్యంగా చెప్పిస్తున్నాను.

సూత్రం నమ్మని పిల్లవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. వాడి కోసం డబ్బాలోంచి చింతపిక్కలు తీశాం. నాలుగు వరసల్లో నాలుగేసి, మొత్తం పదహారు పేర్చమన్నాను. చివరి వరసలోంచి ఒక పిక్క తీసేయమన్నాను. ఆ వరసలో మూడు మిగిలాయి. వాటిని పై మూడు వరసల చివర ఒక్కొక్కటిగా అతికించమన్నాను. మూడు వరసల్లో అయిదేసి. పదహారులోంచి ఒకటి పోతే 3 × 5. వాడు ఆ తీసేసిన పిక్కను చేతిలోనే పట్టుకుని, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి చూశాడు. అది వెనక్కి వస్తే చదరం, పోతే దీర్ఘచతురస్రం. చదరానికి ఎంత భుజమున్నా ఇదే జరుగుతుంది: 256 − 1 = 15 × 17, 65536 − 1 = 255 × 257. బల్ల మీద మనం దిగిన మెట్లు ఇవే.

తెలుగు ఛందస్సు తెలిసినవాళ్లకు ఈ రెట్టింపు కొత్త కాదు. గురువు, లఘువు అని రెండే రకాలు కాబట్టి అక్షరం పెరిగిన కొద్దీ వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. ఇరవై అక్షరాలకు 10,48,576 వృత్తాలు, అంటే ఇరవై ఒకటో గడిలోని గింజలన్ని. అందులో 355799వది ఉత్పలమాల. లఘువులున్న స్థానాల్లోని గడుల గింజలు కూడి, ఒకటి కలిపితే ఆ సంఖ్యే వస్తుంది. మా పిల్లలకు బడిలో తెలుగు ఛందస్సు ఉండదు. ఈ సాకుతో ఒక సాయంత్రం చెప్పాను. లెక్కలకు కొంత పక్కదారే, నాకు ఇష్టమైన దారి.

257 ప్రధాన సంఖ్య అని తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. 65537 కోసం దాని వర్గమూలం దాకా, అంటే 256 లోపున్న ప్రధాన సంఖ్యలన్నీ ప్రయత్నించాలి. అవి 54. ఆ రోజు తొమ్మిది మంది పిల్లలున్నారు, తలా ఆరు పంచాను. అందరూ శేషాలతోనే తిరిగి వచ్చారు. మిగిలింది చివరిది.

641

4294967297 ప్రధాన సంఖ్యా? పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త అవునని నమ్మాడు. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఆ వరసలో వచ్చేవన్నీ అంతేనని ఆయన ఊహ. మా పిల్లలూ అచ్చంగా అదే ఊహించారు. అప్పటికే అట్ట మీద "ఇది మౌళిక సంఖ్య" అని ఒడియాలో రాసేశారు కూడా. రుజువు చేయమన్నాను. తొమ్మిది మందికి పంచుదామనుకుంటే 65536 లోపు ప్రధాన సంఖ్యలు 6542. తలా ఏడు వందలకు పైనే. ఎవరూ ముందుకు రాలేదు.

1732లో ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త ఫెర్మా ఊహను పడగొట్టాడు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 ఇవ్వాలి. ఎందుకో తర్వాత చెబుతానని మాటిచ్చి, ఆ జాబితా మాత్రం ఇచ్చాను: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 ... వీటిలో ప్రధాన సంఖ్యలే అవసరం. 193తో భాగిస్తే శేషం 109. 257తో 2. 449తో 325. 577తో 288. అయిదోది 641.

ఆ భాగహారం ఆ అమ్మాయే బోర్డు మీద చేసింది. 4294లో ఆరు సార్లు, మిగిలింది 448. 9 దింపితే 4489, ఏడు సార్లు, మిగిలింది 2. తర్వాత 6, 7, 2 వరసగా దింపింది. 2672లో నాలుగు సార్లు, మిగిలింది 108. 1089లో ఒకసారి, మళ్లీ 448. చివరి 7 దింపితే 4487, ఏడు సార్లు, శేషం సున్నా. అందరూ చప్పట్లు కొట్టారు. భాగఫలం 67417 అని రాసింది.

సరిచూడమన్నాను. తొమ్మిదుల పరీక్ష వేసింది, అంటే ఒక్క అంకె మిగిలేదాకా అంకెలు కూడి పోల్చడం. 67417 అంకెల మొత్తం 25, అంటే 7. 641కి 2. వాటి లబ్ధం 14, అంటే 5. 4294967297 అంకెల మొత్తం 59, అది 14, అది 5. సరిపోయింది. ఆమె సుద్దముక్క కింద పెట్టేసింది.

కానీ అది తప్పు. 26లో 641 పోదు కాబట్టి భాగఫలంలో సున్నా పడాలి. 267లోనూ పోదు, ఇంకో సున్నా. అసలు జవాబు 6700417. సున్నాలు ఎన్ని జారిపోయినా అంకెల మొత్తం మారదు కాబట్టి తొమ్మిదుల పరీక్షకు ఈ జాతి తప్పు కనిపించనే కనిపించదు. పట్టించింది మళ్లీ గుమ్మం దగ్గరి పిల్లవాడే: "ఆరు వందల చిల్లరతో అరవై వేల చిల్లర గుణిస్తే నాలుగు కోట్లే కదా అక్కా, అక్కడున్నది నాలుగు వందల కోట్లు" అన్నాడు. వాళ్ల నాన్న తూకపు బుద్ధి ఇక్కడ పనికొచ్చింది. గుణాన్ని చూసే పరీక్షకు పరిమాణం కనపడలేదు, పరిమాణం చూసే కంటికి తప్పు దొరికింది. ఈ రోజుకూ నా బోర్డు పక్కన ఆ రెండు భాగఫలాలూ ఒకదాని కింద ఒకటి రాసి ఉంచాను.

6700417 ప్రధాన సంఖ్య అని తేల్చడం సులువుగానే అయింది. 1878లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త, 64 బదులు 128 పెట్టుకోవచ్చని చూపించాడు. వర్గమూలం దాకా, అంటే 2588 దాకా చూస్తే ఆ షరతుకు నిలిచే ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. మొత్తానికి మన సంఖ్య:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. ఒక్కొక్కదాన్ని తీసుకోవడమా మానడమా అన్న రెండే దారులు కాబట్టి భాజకాలు 128. అట్ట మీద "మౌళిక" అన్న మాట పైన తెల్లకాగితం అతికించి ఇది రాసుకున్నారు.

ఆ 64 ఎందుకు

నేను ఇచ్చిన మాట వారం దాకా తీర్చలేదు. అది నా లోపం. తొమ్మిదో తరగతికి చెప్పలేనేమోనని వాయిదా వేశాను. ఆ తమ్ముడు మూడు సార్లు అడిగాడు. చివరికి 17తో మొదలుపెడితే సరిపోయింది.

1ని రెట్టింపు చేస్తూ, 17 దాటినప్పుడల్లా 17 తీసేస్తూ పోండి: 1, 2, 4, 8, 16, 15, 13, 9, మళ్లీ 1. ఎనిమిది మెట్ల చక్రం. నాలుగు మెట్లకు 16 వచ్చింది, అంటే 17కు ఒకటి తక్కువ. ఇంకో నాలుగు మెట్లకు చక్రం మూసుకుంది. ఇందులో లేని 3 తీసుకుంటే: 3, 6, 12, 7, 14, 11, 5, 10. ఇంకో ఎనిమిది. 1 నుంచి 16 దాకా ఉన్న సంఖ్యలన్నీ రెండు సమాన చక్రాల్లో సర్దుకున్నాయి. కాబట్టి 16ని 8 నిశ్శేషంగా భాగించక తప్పదు.

4294967297ను భాగించే ప్రధాన సంఖ్యతో ఇదే ఆట ఆడితే ముప్పై రెండు మెట్లకు ఒకటి తక్కువ వస్తుంది, అరవై నాలుగుకు చక్రం మూసుకుంటుంది. అంతకంటే ముందే మూసుకోదు. అలా జరిగితే 32వ మెట్టులో 1 వచ్చి ఉండాలి. కాబట్టి ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలేవి అరవై నాలుగేసి సంఖ్యల చక్రాలుగా సర్దుకోవాలి. 641 అయితే 640, పది చక్రాలు. 17 చక్రాలను పిల్లవాడు నేల మీద సుద్దతో గీశాడు. 641 చక్రాలు కూడా గీస్తానన్నాడు. వాళ్ల అమ్మ పిలవడంతో ఆగాడు.

ప్రదర్శన అయిపోయింది. అట్ట ముందు ఎక్కువమంది చూసింది బియ్యం తూకం దగ్గరేనని ఆ అమ్మాయి చెప్పింది. ఆమె ఇప్పుడు పరీక్షల్లో పడింది. తమ్ముడు మాత్రం మొన్న కొత్త నోటుపుస్తకంతో వచ్చాడు. ఒక గింజ తీసేస్తే ఇంత జరిగింది కదా, ఒక గింజ కలిపితే ఏమవుతుందని వాడి ప్రశ్న. అంటే 18446744073709551617. దీన్ని భాగించే ప్రధాన సంఖ్యలు 256తో భాగిస్తే శేషం 1 ఇవ్వాలని మాత్రం చెప్పాను. 257, 513, 769 అంటూ వరసగా రాసుకుంటూ, ప్రధాన సంఖ్య కానివి కొట్టేస్తూ, మిగిలిన వాటితో భాగిస్తున్నాడు. 1880లో ఎనభై రెండేళ్ల లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దమనిషి దీన్ని విడగొట్టాడు. చిన్న కారణాంకం 274177. వాడి జాబితాలో అది 1071వ మెట్టు. నిన్న సాయంత్రానికి వాడు ముప్పై తొమ్మిదో మెట్టు దగ్గరున్నాడు. ఎక్కడ దొరుకుతుందో నేను చెప్పలేదు, వాడూ అడగలేదు.